కంపెనీ కంప్యూటర్ల నుంచి బయటికి వెళ్ళే కనెక్షన్లకి కట్టడి: మొదట ఎందుకు చెడింది, చివరికి ఎలా కుదిరింది

ఇది నేను దగ్గరుండి చేసిన పని. కంపెనీ ఏది, ఏం వ్యాపారం, ఎక్కడ అనేవి తీసేశాను, అంకెలు కొంచెం అటూఇటూ మార్చాను, జరిగిన వరస మాత్రం జరిగినట్టే రాస్తున్నా. ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ గడప దగ్గర ఏ కనెక్షన్ పోవచ్చో ఏది కూడదో చూసే కాపలా) అనగానే మనలో చాలామంది బయటి నుంచి లోపలికి వచ్చేదాని గురించే ఆలోచిస్తాం, లోపలి నుంచి బయటికి పోయేదాన్ని ఒక్క రూల్‌తో వదిలేస్తాం, ఆ రూల్ ఎవరు పెట్టారో ఎప్పుడు పెట్టారో కూడా ఎవరికీ గుర్తుండదు. దాన్ని బిగించే పనిని మేం ఒకసారి చెడగొట్టి, మళ్ళీ మొదటి నుంచి చేశాం. చెడిన భాగమే ఎక్కువ రాస్తాను, నేర్చుకోడానికి అందులోనే ఎక్కువ ఉంది.

నేపథ్యం

సుమారు 220 కంప్యూటర్లు, అందులో మూడో వంతు లాప్‌టాప్‌లు, 16 సర్వర్లు, ఒక హెడ్డాఫీసు, రెండు బ్రాంచీలు. బ్రాంచీలు వీపీఎన్ మీద, అంటే ఇంటర్నెట్ లోపలే తాళం వేసిన సొంత దారి మీద, హెడ్డాఫీసుకి కలిసి ఉంటాయి కానీ ఇంటర్నెట్ లైన్ మాత్రం ఎవరిది వాళ్ళకే విడిగా ఉంది, ఈ సంగతి తర్వాత మళ్ళీ వస్తుంది. అన్నీ విండోస్, అన్నీ ఆఫీసు డొమైన్‌లో, అంటే లాగిన్లూ సెట్టింగులూ ఒకే చోటి నుంచి నడిచే గుంపులో ఉన్నవే, యాంటీవైరస్ ఉంది, అప్‌డేట్లు కూడా పర్వాలేదు. ఐటీలో ఇద్దరే మనుషులు, ఇద్దరూ పనిమంతులే, కానీ ప్రింటర్ దగ్గర్నుంచి సర్వర్ దాకా అన్నీ వాళ్ళే చూసుకోవాలి.

ఫైర్‌వాల్ మంచిదే కొన్నారు. లోపలికి వచ్చే వైపు వీపీఎన్, మెయిల్ తప్ప అన్నీ మూసేశారు, అది చూసి నాకు ముచ్చటేసింది. బయటికి వెళ్ళే వైపు మాత్రం ఒకే ఒక్క లైన్: లోపలి నుంచి, ఎక్కడికైనా, ఏ పోర్టైనా (ఒక్కో రకం పనికి ఒక్కో నంబరున్న తలుపు), అలో. చాలా చోట్ల ఇంతే ఉంటుంది, వీళ్ళని తప్పుపట్టడానికి చెప్పట్లేదు. విండోస్ ఫైర్‌వాల్ కూడా డిఫాల్ట్‌గా ఇలాగే వస్తుంది, లోపలికి బ్లాక్, బయటికి అలో.

నన్నెందుకు పిలిచారు

కస్టమర్లకి పంపిన మెయిల్స్ వెనక్కి తిరిగి రావడం మొదలైంది. చూస్తే వాళ్ళ పబ్లిక్ ఐపీ అడ్రస్ స్పామ్ బ్లాక్‌లిస్టులోకి ఎక్కేసింది. మెయిల్ సర్వర్ లాగులు శుభ్రంగా ఉన్నాయి, అందులోంచి ఒక్క స్పామ్ కూడా పోలేదు. మరి ఎవరు పంపుతున్నారు? ఫైర్‌వాల్ సెషన్ టేబుల్‌లో, అంటే అప్పుడు నడుస్తున్న కనెక్షన్ల పట్టికలో, పోర్ట్ 25 (మెయిల్ సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ పంపుకునేది) మీద ఫిల్టర్ పెట్టి చూస్తే అకౌంట్స్‌లో ఒక డెస్క్‌టాప్ నేరుగా బయటి మెయిల్ సర్వర్లకి వందల కొద్దీ కనెక్షన్లు పెడుతోంది. ఒక మామూలు డెస్క్‌టాప్‌కి పోర్ట్ 25 మీద బయటికి వెళ్ళాల్సిన పనేముంది? ఏమీ లేదు, కానీ వద్దని ఎవరూ చెప్పలేదు కాబట్టి వెళ్తోంది.

ఇక్కడితో ఆగిపోతే మెషిన్ ఫార్మాట్ కొట్టి కేసు మూసేసేవాళ్ళు. ఐటీలో చిన్నవాడు ఒక మంచి పని చేశాడు, ఆ మెషిన్ పెట్టిన మిగతా కనెక్షన్లు కూడా తీసి నాకు చూపించాడు. అందులో ఒక అడ్రస్, పోర్ట్ 443 (మామూలు వెబ్‌సైట్లు వాడేదే), అర్ధరాత్రి 2:10, 2:20, 2:31, 2:40, 2:51, ఇలా తెల్లారేదాకా, ప్రతిసారీ పోయింది రెండు మూడు కిలోబైట్లు, వచ్చింది అంతకంటే తక్కువ. ఆ కంప్యూటర్ మీద పనిచేసే ఆవిడ సాయంత్రం ఆరుకే ఇంటికెళ్ళిపోయింది. ఇది మనిషి చేసే పని కాదు, లోపల కూర్చున్న ఏదో ప్రోగ్రాం బయట ఉన్న యజమానిని "ఇంకేమైనా పని ఉందా" అని పది నిమిషాలకోసారి అడుగుతోంది. వెనక్కి వెళ్ళి చూస్తే ఒక మెయిల్ అటాచ్‌మెంట్, అందులో స్క్రిప్టు, అది విండోస్‌తోనే వచ్చే పవర్‌షెల్ అనే కమాండ్ ప్రోగ్రాంని లేపి బయటి నుంచి అసలు సరుకు దింపుకుంది. యాంటీవైరస్ పట్టలేదు.

యాజమాన్యం అడిగిన ప్రశ్న న్యాయమైనదే: ఫైర్‌వాల్ ఉంది, యాంటీవైరస్ ఉంది, మరి ఇదెలా జరిగింది? నేను చెప్పిన సమాధానం ఇది. కనెక్షన్ లోపలి నుంచే మొదలైంది, లోపలి నుంచి మొదలైనదానికి వచ్చే జవాబుని ఫైర్‌వాల్ ఎప్పుడూ రానిస్తుంది, రానివ్వకపోతే మనం ఒక్క వెబ్‌సైట్ కూడా చూడలేం. అంటే దొంగకి లోపలికి దారి అక్కర్లేదు, లోపల ఉన్న ఒక్క మెషిన్ బయటికి ఫోన్ చేస్తే చాలు. ఆ ఫోన్ ఎవరు ఎవరికి చేయొచ్చు అనేది ఈ కంపెనీలో ఎవరూ నిర్ణయించలేదు.

మొదటి ప్రయత్నం: చెడ్డ పోర్టులు మూసేయడం

ఆ రోజే చేసింది ఇది. పోర్ట్ 25 మెయిల్ సర్వర్‌కి తప్ప ఎవరికీ లేకుండా చేశాం, స్పామ్ అక్కడికక్కడే ఆగింది. దాంతోపాటు 445, 135 నుంచి 139 (విండోస్ ఫైల్ షేరింగ్, దాని చుట్టూ ఉన్నవి), 3389 (రిమోట్ డెస్క్‌టాప్), 23 (పాత టెల్నెట్) బయటికి మూసేశాం. 445 విషయంలో ఐటీలో పెద్దాయన "అది లోపలి ఫైల్ షేరింగ్ పోర్టు కదా, బయటికి ఎవరు వాడతారు, దానికి రూల్ ఎందుకు" అన్నాడు. ఎవరూ వాడరు కాబట్టే మూయాలి. 2023 మార్చిలో బయటపడ్డ అవుట్‌లుక్ లోపం గుర్తుచేశాను: ఒక మీటింగ్ రిమైండర్‌లో సౌండ్ ఫైల్ దారి బయటి సర్వర్ మీదకి పెట్టి పంపితే చాలు, మనిషి ఆ మెయిల్ తెరవకపోయినా అవుట్‌లుక్ తనంతట తానే 445 మీద ఆ సర్వర్‌కి వెళ్ళి, యూజర్ పాస్‌వర్డ్‌కి సంబంధించిన హ్యాష్ (పాస్‌వర్డ్ నుంచి లెక్కకట్టిన గుర్తు) ఇచ్చేసి వచ్చేది. మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌తో పాటు బయటికి 445 మూయమని కూడా చెప్పింది. ముందే మూసి ఉంచిన ఆఫీసుల్లో ఆ హ్యాష్ గడప దాటేది కాదు.

అయితే ఈ పద్ధతి ఎక్కడ ఆగిపోతుందో అప్పటికే కళ్ళ ముందు ఉంది. ఆ రాత్రి రెండింటి కనెక్షన్ 443 మీద పోయింది. 443 మూయలేం. చెడ్డవాటి జాబితా రాసుకుంటూ పోతే జాబితాలో లేనిదే ఎప్పుడూ గెలుస్తుంది.

రెండో ప్రయత్నం: డీఎన్‌ఎస్ ఫిల్టర్

సైట్ పేరుని ఐపీ అడ్రస్‌గా మార్చేది డీఎన్‌ఎస్, ఆ పని చేసే సర్వర్ రిజాల్వర్. చెడ్డ డొమైన్లకి, అంటే చెడ్డ సైట్ పేర్లకి, అడ్రస్ దొరకకుండా చేసే సర్వీసు పెట్టాం. చవక, ఒక గంట పని, ఎవరికీ ఇబ్బంది లేదు. ఇది ఉండాల్సిందే, ఇప్పటికీ ఉంది. కానీ రెండు వారాల తర్వాత నేను ఒక లాప్‌టాప్ తీసుకుని కూర్చుని చూస్తే దాని బ్రౌజర్ మా రిజాల్వర్‌ని అసలు అడగట్లేదు, డీఎన్‌ఎస్ ప్రశ్నల్ని హెచ్‌టీటీపీఎస్‌లో (వెబ్‌సైట్ల తాళం వేసిన ట్రాఫిక్‌లో) చుట్టి నేరుగా బయటికి పంపుతోంది. 2018లో దానికి స్టాండర్డ్ వచ్చినప్పటి నుంచి పెద్ద బ్రౌజర్లు చాలావరకు దీన్ని చేర్చుకున్నాయి, మామూలు మనిషికి అది మంచిదే, ఆఫీసు నెట్‌వర్క్ కాపాడేవాడికి మాత్రం కంటికి కనపడని పక్క దారి. కొందరు డీఎన్‌ఎస్ అడ్రస్ చేత్తో మార్చుకుని ఉన్నారు. పేరే వాడకుండా నేరుగా ఐపీ అడ్రస్‌కి పోయే మాల్వేర్ సంగతి సరేసరి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. డొమైన్ బ్లాక్ చేస్తే ఎప్పుడూ మేలే జరుగుతుందని అనుకోకూడదు. 2017 మే 12న ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే మాల్వేర్ వన్నాక్రై విరుచుకుపడ్డప్పుడు అది ముందుగా ఒక వింత డొమైన్‌ని పలకరించి చూసేది, జవాబొస్తే తన పని ఆపేసేది, రాకపోతే ఫైళ్ళకి తాళం వేసేది. ఆ డొమైన్ చెడ్డదని ఫిల్టర్‌లో పెట్టినవాళ్ళు తెలియకుండానే ఆ బ్రేకు తీసేసినట్టయింది. అందుకే ఏది బ్లాక్ చేస్తున్నామో దాని పని ఏంటో తెలుసుకుని చేయాలి.

మూడో ప్రయత్నం: శుక్రవారం రాత్రి అన్నీ మూసేయడం

ఇది చెడింది. నిర్ణయం నాది కూడా, సరే అన్నవాళ్ళలో నేనున్నాను.

ఆలోచన ఇలా సాగింది: చెడ్డవాటిని ఆపడం కుదరట్లేదు కాబట్టి మంచివాటినే అనుమతిద్దాం. 443 మాత్రం తెరిచి, అది కూడా ఫైర్‌వాల్ గుర్తుపట్టిన కేటగిరీలకే ఇచ్చి, మిగతాదంతా డినై. శుక్రవారం సాయంత్రం పెడితే శని ఆదివారాలు సర్దుకోవచ్చు. ఆ రెండు రోజులూ ఏ గొడవా రాలేదు, రాదు కూడా, ఆఫీసులో మనిషే లేడు కదా. మేం దాన్ని పని అయిందనడానికి గుర్తుగా తీసుకున్నాం.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి మొదటి ఫోన్, "సార్, నెట్ లేదు". నెట్ ఉంది. కానీ విండోస్ ఇంటర్నెట్ ఉందో లేదో చూసుకోడానికి పోర్ట్ 80 (తాళం లేని పాత వెబ్ పోర్టు) మీద మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఒక చిన్న టెస్ట్ అడ్రస్‌ని పలకరిస్తుంది, మేం 80 మూసేశాం, దాంతో ప్రతి స్క్రీన్ మూలలోనూ నెట్ లేదన్న గుర్తు వచ్చి కూర్చుంది, దాన్ని నమ్మి కొన్ని ప్రోగ్రాములు సైన్ ఇన్ కూడా మానేశాయి. తర్వాత "సాఫ్ట్‌వేర్ తెరుచుకోడానికి గంటలు పడుతోంది" అన్నారు. గంటలు కాదు, పదిహేను ఇరవై సెకన్లు, కానీ రోజుకి యాభై సార్లు తెరిచేవాళ్ళకి అది గంటలే. ఆ ప్రోగ్రాం సంతకం సర్టిఫికెట్ ఇంకా చెల్లుతుందా అని అడగడానికి పోర్ట్ 80 మీదే బయటికి వెళ్ళాలి, వెళ్ళలేక, టైమవుట్ అయ్యేదాకా ఎదురుచూసి, అప్పుడు తెరుచుకుంటోంది. ఇది పట్టుకోడానికి మాకు గంటన్నర పట్టింది, ఎందుకంటే మేం కనెక్షన్లని డ్రాప్ చేస్తున్నాం, రిజెక్ట్ చేయట్లేదు. డ్రాప్ చేస్తే అవతలి ప్రోగ్రాంకి జవాబే రాదు, అది ఓపిగ్గా కూర్చుంటుంది, మనిషికి అది ఎర్రర్‌లా కనపడదు, నిదానంలా కనపడుతుంది. లోపలి మనుషులకి రిజెక్టే పెట్టాలి, వెంటనే కాదన్న మాట తెలిసిపోతుంది, లాగులో వెతకడం కూడా సులువు.

ఇంతలో స్కాన్ చేసి మెయిల్ పంపే మెషిన్ ఆగిపోయింది, అది 587 మీద బయటి మెయిల్ సర్వీసుకి నేరుగా వెళ్ళేదని ఎవరికీ తెలీదు. పది గంటలకి అకౌంట్స్ నుంచి "సార్, జీతాల ఫైల్ బ్యాంకుకి ఎక్కట్లేదు, పన్నెండు లోపు పంపాలి" అన్నారు. అది పోర్ట్ 22 మీద పోయే ఎస్‌ఎఫ్‌టీపీ (తాళం వేసి ఫైళ్ళు పంపే పద్ధతి). నేను అకౌంట్స్ గదిలోకి వెళ్ళేసరికి సీనియర్ మేడమ్ తన ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి, కంపెనీ లాప్‌టాప్‌ని దానికి కలిపి, ఫైల్ పంపేస్తోంది. ఫోన్ కీబోర్డు పక్కనే నిలబెట్టి ఉంది, స్క్రీన్ మీద కనెక్ట్ అయిన డివైసులు 3 అని ఉంది. అంటే పక్క సీట్లవాళ్ళు కూడా. ఆవిడ నన్ను చూసి "ఏం చేయమంటారు సార్, రెండొందల మంది జీతాలు" అంది. నా దగ్గర జవాబు లేదు, ఆవిడ చేసిందాంట్లో తప్పూ లేదు. పాత రూల్ ఉన్నప్పుడు కనీసం ఫైర్‌వాల్ లాగులో ఏదో ఒకటి కనపడేది, ఇప్పుడు అత్యంత జాగ్రత్తగా ఉండాల్సిన మూడు కంప్యూటర్లు ఏ కాపలా లేకుండా ఇంటర్నెట్ మీద ఉన్నాయి.

పదకొండింటికి వెనక్కి తీశాం. అన్నిటికంటే పైన ఎనీ ఎనీ అలో అని ఒక రూల్, పేరు "టెంపరరీ". అది ఏడు వారాలు ఉంది.

ఇంకో నష్టం నెమ్మదిగా బయటపడింది. రూల్ వెనక్కి తీసేటప్పుడు డొమైన్ కంట్రోలర్‌కి (ఆఫీసు లాగిన్లన్నీ చూసే సర్వర్‌కి) బయటి టైమ్ సర్వర్ దారి, అంటే యూడీపీ 123, ఒక వేరే పాలసీలో మూసినది మూసినట్టే ఉండిపోయింది. ఒక బ్రాంచిలో ఉన్న సర్వర్ ఒకటి ఎప్పటి నుంచో డొమైన్ గడియారం కాకుండా బయటి సర్వర్‌నే చూసి టైమ్ సరిచేసుకుంటోంది, కంట్రోలర్ గడియారం కొంచెం కొంచెంగా జరుగుతూ పోయి, రెండింటికీ మధ్య తేడా అయిదు నిమిషాలు దాటిన రోజున ఆ సర్వర్‌లోకి ఎవరూ లాగిన్ అవ్వలేకపోయారు. కెర్బరాస్ (విండోస్ డొమైన్‌లో లాగిన్‌ని సరిచూసే పద్ధతి) డిఫాల్ట్‌గా ఓర్చుకునేది అయిదు నిమిషాలే. బయటికి వెళ్ళేది ఆపితే పగిలేవన్నీ ఆ రోజే పగలవు.

హోస్ట్ ఫైర్‌వాల్ మీద ఇంకో పొరపాటు

లాప్‌టాప్‌లు ఇంటి నుంచి పనిచేస్తాయి, వాటికి ఆఫీసు ఫైర్‌వాల్ ఏం కాపలా కాస్తుంది? అందుకని ఒక్కో మెషిన్‌లోనే ఉండే విండోస్ ఫైర్‌వాల్‌లో (దీన్నే హోస్ట్ ఫైర్‌వాల్ అంటారు) బయటికి కట్టడి పెడదామని గ్రూప్ పాలసీతో (డొమైన్ నుంచి మెషిన్లకి సెట్టింగులు పంపే పద్ధతి) అయిదు మెషిన్ల మీద ప్రయత్నించాం. బయటికి అన్నీ బ్లాక్ అని ఒక రూల్ రాసి, దాని కింద కావాల్సినవి అలో అని రాశారు. మామూలు ఫైర్‌వాల్‌లో పై నుంచి కిందికి వరస చూస్తుంది కదా, ఇక్కడా అంతే అనుకున్నారు. విండోస్‌లో వరస లేదు, బ్లాక్ రూల్ ఉందంటే మామూలు అలో రూల్‌ని అది ఎప్పుడూ కొట్టేస్తుంది. అన్నీ ఆపాలంటే బ్లాక్ రూల్ రాయకూడదు, ప్రొఫైల్ డిఫాల్ట్‌నే బ్లాక్ అని మార్చి అలో రూల్స్ మాత్రమే రాయాలి. ఆ అయిదు మెషిన్లు డొమైన్ కంట్రోలర్‌ని కూడా చేరలేకపోయాయి, చేరలేవు కాబట్టి పాలసీ సరిచేసినా దాన్ని తెచ్చుకోలేవు, ఒక్కొక్కదాని దగ్గరికీ వెళ్ళి చేత్తో తీయాల్సి వచ్చింది. అయిదే కాబట్టి సరిపోయింది.

డిఫాల్ట్ బ్లాక్ పెట్టినా లాప్‌టాప్‌లలో నిలబడలేదు. యూజర్ ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ అయ్యే ప్రోగ్రాములు అప్‌డేట్ అయినప్పుడల్లా ఫోల్డర్ పేరులో వెర్షన్ నంబర్ మారుతుంది, ప్రోగ్రాం దారి మీద రాసిన రూల్ ఆ రోజుతో పనికిరాకుండా పోతుంది. సగం విండోస్ సర్వీసులు ఒకే ఎస్‌వీసీహోస్ట్ అనే ప్రోగ్రాం పేరు మీద బయటికి వెళ్తాయి, దాన్ని అనుమతిస్తే చాలా తెరిచినట్టే, ఆపితే అప్‌డేట్లు ఆగుతాయి. ఇద్దరున్న ఐటీ టీమ్‌తో దీన్ని నడపలేం అని ఒప్పుకున్నాం.

కుదిరిన పద్ధతి

ఈసారి ఏదీ మూయకుండా మొదలుపెట్టాం. ఆరు వారాలు వినడమే. అన్నీ అలో, అన్నీ లాగ్. ఆరు వారాలు ఎందుకంటే నెలాఖరు ఒకటి కచ్చితంగా అందులో పడాలి, జీతాలు, పన్నుల ఫైలింగు, లెక్కల ముగింపు, ఇవన్నీ నెలకోసారే బయటికి వెళ్తాయి, రెండు వారాలు విని రూల్ రాస్తే అవి జాబితాలోకే రావు. లాగుని మెషిన్ వారీగా కాకుండా పని వారీగా విడదీశాం: అకౌంట్స్, అమ్మకాలు, డిజైన్, సర్వర్లు, ప్రింటర్ల లాంటి డివైసులు. ఒక్కో గుంపులో ఎక్కడికి, ఏ పోర్టు, రోజుకి ఎన్నిసార్లు. అప్పుడు కనపడింది అసలు చిత్రం. అకౌంట్స్ మొత్తం తిరిగే చోట్లు అరవై కూడా లేవు. డిజైన్ వాళ్ళు రోజూ కొత్త చోట్లకి పోతారు. రెండింటికీ ఒకే రూల్ పెట్టడమే ఆ శుక్రవారం మేం చేసిన మొదటి తప్పు.

ప్రతి వరసకీ ఒక ప్రశ్న వేశాం, ఇది ఎవరిది? సైట్ మంచిదా చెడ్డదా అని చూడటం కంటే ముందు, ఈ కనెక్షన్ నాకు కావాలి అని చెప్పే మనిషి ఎవరు అని. మనిషి పేరు దొరికిన ప్రతిదానికీ రూల్ రాశాం, రూల్ కామెంటులో ఆ పేరు, ఎందుకు, ఎప్పటిదాకా అని. మనిషి దొరకనివి పక్కన పెట్టాం. అలా పక్కన పెట్టినవాటిలో ఎప్పుడో మానేసిన ఒక రిమోట్ సపోర్టు సాఫ్ట్‌వేర్ ఇంకా పదకొండు మెషిన్లలో బతికి ఉండి బయటికి కనెక్షన్ పట్టుకుని ఉందని తేలింది, ఆ పాత వెండర్ తలుచుకుంటే ఆ రోజు కూడా లోపలికి రాగలడు. ఆ ఆరు వారాల శ్రమకి అదొక్కటి చాలు అనిపించింది నాకు.

మూయడం సర్వర్లతో మొదలుపెట్టాం. కారణం సింపుల్, సర్వర్ వెబ్‌సైట్లు చూడదు, దానికి కావాల్సినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, ఆపితే ఫోన్ చేసే మనిషీ ఒక్కరే. అప్‌డేట్లు లోపలి అప్‌డేట్ సర్వర్ నుంచి వచ్చేలా చేశాక 16లో 11కి ఇంటర్నెట్టే అక్కర్లేకపోయింది. మిగిలిన అయిదింటికి పేరుపేరునా ఇచ్చాం. యాజమాన్యం "సర్వర్లకి ఇంత అవసరమా" అని అడిగినప్పుడు 2021 డిసెంబర్ నాటి లాగ్‌ఫోర్‌జే (జావా ప్రోగ్రాములు లాగు రాయడానికి వాడే లైబ్రరీ) లోపం సంగతి చెప్పాను. ఆ లోపంలో దాడి చేసేవాడు ఒక లైన్ టెక్స్ట్ పంపితే, ఆ జావా సర్వర్ దాన్ని లాగులో రాస్తూ రాస్తూ తానే బయటికి ఎల్‌డాప్ (డైరెక్టరీలో వివరాలు వెతికే పద్ధతి) కనెక్షన్ పెట్టి వాడి కోడ్‌ని తెచ్చుకునేది. ఆ మామూలు దాడి పూర్తవ్వాలంటే సర్వర్ బయటికి వెళ్ళగలగాలి. ప్యాచ్ వచ్చేదాకా నిద్రపోగలిగినవాళ్ళలో బయటికి దారి మూసి ఉంచుకున్నవాళ్ళు ఎక్కువ. ఈ కంపెనీలో కూడా ఒక జావా సర్వర్ ఉంది, అప్పటిదాకా దాని బయటి రూల్ ఎనీ ఎనీ.

యూజర్ మెషిన్లకి నేరుగా బయటికి దారి తీసేసి, ప్రాక్సీ (మెషిన్ల తరఫున తనే బయటికి వెళ్ళొచ్చే సర్వర్) ఒక్కటే దారిగా పెట్టాం. ఐపీ అడ్రసుల మీద అలో రాయడం ఎందుకు మానేశామంటే, ఈ రోజుల్లో ఒకే అడ్రస్ వెనక వేల సైట్లు ఉంటాయి, అడ్రసులు రోజూ మారతాయి, పేరు మీద రాస్తేనే నిలబడుతుంది, పేరు చూడగలిగేది ప్రాక్సీ. యూడీపీ, టీసీపీ అనేవి డేటా పంపే రెండు పద్ధతులు, యూడీపీ 443 మూశాం, బ్రౌజర్లు వాటంతట అవే టీసీపీకి దిగిపోతాయి, ఎవరికీ తేడా తెలీలేదు. డీఎన్‌ఎస్ లోపలి రిజాల్వర్ ఒక్కటే, బయటికి డీఎన్‌ఎస్ పోర్టులు 53, 853 మూత, బ్రౌజర్లలో హెచ్‌టీటీపీఎస్ మీద డీఎన్‌ఎస్‌ని పాలసీతో ఆఫ్ చేశాం. ఫైర్‌ఫాక్స్ అయితే దీనికోసమే ఉన్న ఒక ప్రత్యేకమైన డొమైన్ గురించి అడిగినప్పుడు మన రిజాల్వర్ "అలాంటి పేరు లేదు" అని చెబితే తన డిఫాల్ట్‌ని మానుకుంటుంది, యూజర్ కావాలని ఆన్ చేసుకుంటే మాత్రం వినదు, అందుకే పాలసీ కూడా ఉండాలి.

తాళం వేసి పోయే ట్రాఫిక్‌ని మధ్యలో విప్పి చూద్దామా అన్న చర్చ గట్టిగా జరిగింది. నేను వద్దన్నాను. మనుషులు ఆఫీసు కంప్యూటర్‌లో బ్యాంకు పని చూసుకుంటారు, హాస్పిటల్ రిపోర్టులు తెరుస్తారు, వాటిని విప్పే హక్కు మనకి ఉందా అన్నది ముందు తేలాలి. అలా విప్పే పెట్టె దొంగ చేతికి దొరికితే ఏంటన్నది రెండోది. పేరు, సమయం, పరిమాణం చూస్తే చాలావరకు పని జరుగుతుంది, ఆ రాత్రి రెండింటి కనెక్షన్‌ని పట్టుకున్నది కూడా అవే కదా.

లాప్‌టాప్‌ల హోస్ట్ ఫైర్‌వాల్‌లో అన్నీ మూసే ఆలోచన వదిలేసి, గురిపెట్టి కొన్నిటినే ఆపాం: పవర్‌షెల్, డబ్ల్యూస్క్రిప్ట్, సీస్క్రిప్ట్, ఎంఎస్‌హెచ్‌టీఏ, సర్ట్‌యుటిల్, రెగ్‌ఎస్‌వీఆర్32. ఇవి విండోస్‌తో వచ్చే స్క్రిప్టు, కమాండ్ ప్రోగ్రాములే, యాంటీవైరస్ వాటిని తేలిగ్గా అనుమానించదు, అందుకే అటాచ్‌మెంట్లలో వచ్చే స్క్రిప్టులు సరుకు దింపుకోడానికి వీటినే వాడతాయి. లోపలి అడ్రసులకి వెళ్ళనిచ్చి ఇంటర్నెట్‌కి బ్లాక్ రాశాం. విండోస్‌లో బ్లాక్ అలోని కొట్టేస్తుందని పోయినసారి దెబ్బ తిన్నాం కదా, ఈసారి అదే గుణం మాకు పనికొచ్చింది. ఒక్క జాగ్రత్త, వీటిలో చాలావాటికి 64 బిట్‌ది ఒక కాపీ, 32 బిట్‌ది ఇంకో ఫోల్డర్‌లో ఇంకో కాపీ ఉంటాయి, రెండిటికీ రాయాలి, మా మొదటి టెస్టులో 32 బిట్ పవర్‌షెల్ హాయిగా బయటికి వెళ్ళిపోయింది. యూజర్లు సొంతంగా పెట్టుకున్న లోకల్ రూల్స్ చెల్లకుండా చేశాం. విండోస్ ఫైర్‌వాల్ డ్రాప్ చేసినవాటిని డిఫాల్ట్‌గా లాగ్ చేయదు, అది ఆన్ చేయాలి, లాగ్ సైజు డిఫాల్ట్ 4096 కేబీ, ఒక గోల చేసే ప్రోగ్రాం ఉంటే చూస్తుండగా నిండిపోతుంది, పెంచుకోవాలి. ఐటీ వాళ్ళకి పవర్‌షెల్‌తో బయట పని ఉంటే దానికి విడిగా ఒక అడ్మిన్ మెషిన్ ఇచ్చాం.

టెస్ట్ చేసేటప్పుడు బ్రాంచీల సంగతి బయటపడింది. బయట మా సొంత సర్వర్ ఒకటి పెట్టి, లోపలి నుంచి పోర్టు పోర్టుకీ కొట్టి చూస్తుంటే హెడ్డాఫీసులో అన్నీ ఆగాయి, రెండో బ్రాంచిలో సగం పోతున్నాయి. అక్కడి రౌటర్ ఐపీవీ6 (కొత్త తరం ఐపీ) అడ్రసులు పంచుతోంది. మా రూల్స్ అన్నీ ఐపీవీ4కే రాసి ఉన్నాయి, కంప్యూటర్లేమో రెండూ ఉంటే ముందు ఐపీవీ6నే పట్టుకుంటాయి. బ్రాంచి ట్రాఫిక్ మొత్తం వీపీఎన్‌లో హెడ్డాఫీసు మీదుగానే పోయేలా మార్చి, ఐపీవీ6కి అవే రూల్స్ మళ్ళీ రాశాం. ఆ టెస్టు ఇప్పుడు నెలకోసారి జరుగుతుంది, టీసీపీ, యూడీపీ, ఐపీవీ4, ఐపీవీ6 అన్నీ.

హాట్‌స్పాట్ గురించి. అది ఆపే సెట్టింగులున్నాయి, పెట్టలేదు అనను, లాప్‌టాప్ ఏ నెట్‌వర్క్ మీద ఉన్నా వీపీఎన్ తనంతట తానే లేచేలా చేశాం. కానీ ఎక్కువ పనిచేసింది వేరే. ఏదైనా ఆగితే ఒక నంబర్, ఆఫీసు వేళల్లో రెండు గంటల లోపు జవాబు, అవునో కాదో. ఫారంలో మూడే గడులు, ఎవరు, ఎందుకు, ఎప్పటిదాకా. గడువు గరిష్ఠంగా 90 రోజులు, తర్వాత మళ్ళీ అడగాలి, అడగకపోతే రూల్ పోతుంది. సర్వర్ల తర్వాత యూజర్లలో మొదటి గుంపుగా అకౌంట్స్‌నే పెట్టాం, ఆ సీనియర్ మేడమ్‌తో కూర్చుని జాబితా రాశాం, నెలకోసారి వచ్చేవి, ఏడాదికోసారి వచ్చేవి ఆవిడకే తెలుసు, లాగుల్లో దొరకని నాలుగు ఆవిడే చెప్పింది. జీతాల ఎస్‌ఎఫ్‌టీపీ రూల్ కామెంటులో ఉన్న పేరు ఆవిడదే.

మిగిలిపోయినవి ఉన్నాయి. అందరూ వాడే పెద్ద క్లౌడ్ స్టోరేజీ, చాట్ సర్వీసుల మీదుగా మాట్లాడే మాల్వేర్‌ని ఈ కట్టడి ఆపలేదు, ఆ పేర్లు అనుమతించినవే. లోపలి రిజాల్వర్ ఏ పేరైనా బయటికి వెళ్ళి అడుగుతుంది, డీఎన్‌ఎస్ ప్రశ్నల్లోనే డేటా దాచి పంపే దారి ఇంకా సన్నగా తెరిచే ఉంది, మరీ పొడుగు పేర్లు, ఒకే డొమైన్ మీద లెక్కలేనన్ని ప్రశ్నలు వస్తే అలర్ట్ పెట్టాం, అంతవరకే. డిజైన్ గుంపు జాబితా ఇప్పటికీ చాలా వదులు.

అన్నీ బిగించిన ఏడో నెలలో ఒక మధ్యాహ్నం అలర్ట్ వచ్చింది, అకౌంట్స్ లాప్‌టాప్ ఒకటి, డబ్ల్యూస్క్రిప్ట్, ఎవరికీ తెలియని అడ్రస్, పోర్ట్ 443, బ్లాక్, నిమిషంలో మూడుసార్లు. ఐటీ చిన్నవాడు ఆ మెషిన్‌ని నెట్‌వర్క్ నుంచి విడదీయడానికి లేచేలోపే ఫోన్ మోగింది. అదే సీనియర్ మేడమ్. "బాబూ, బిల్లు అనుకుని ఒక అటాచ్‌మెంట్ తెరిచాను, నల్ల స్క్రీన్ ఒకటి మెరిసి పోయింది, ఏం రాలేదు. కేబుల్ పీకేశాను, నువ్వు రా" అంది.